గుమాస్తా రామానుజన్ గారి జాబితా



శ్రీనివాస రామానుజన్ గారి పేరు వినని వారుండరు. అయితే ఆయన కూడా మనలాగే గుమాస్తాగిరీ చేసినవారనీ, ఒకప్పుడు మన వైపు పారిపోయి వచ్చారనీ చాలామందికి తెలియదు.

ఆయన 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో జన్మించారు. తండ్రిగారు కుంభకోణంలో బట్టల కొట్టు గుమాస్తా. రామానుజన్‌కు లెక్కలు తప్ప వేరే ధ్యాస లేదు. కాలేజీలో ఇంగ్లీషు తప్పడంతో స్కాలర్‌షిప్ పోయింది. 1905 ఆగస్టులో, పదిహేడేళ్ల వయసులో, ఇంట్లో చెప్పకుండా రైలెక్కి విశాఖపట్నం వచ్చేశారు. అప్పట్లో మన విజయనగరం కూడా ఆ జిల్లాలోనిదే. తల్లిదండ్రులు కంగారుపడి వెతికించుకున్నారు. తిరిగి ఇల్లు చేరినా చదువు మాత్రం గట్టెక్కలేదు. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. 1909లో జానకి అమ్మాళ్ గారితో వివాహమైంది.

1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు. పైఅధికారులు ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించారు. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీ గారికి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరమే 1914లో ఆయనను ఓడ ఎక్కించింది.

అక్కడ 1915లో ఆయన ప్రచురించిన పెద్ద వ్యాసం విషయం మన ఇళ్లలో నిత్యం ఉన్నదే. డజనుకు 12, రోజుకు 24 గంటలు, గంటకు 60 నిమిషాలు, మన తెలుగు సంవత్సరాలు 60. ఈ అంకెలే ఎందుకు? 60ని శేషం లేకుండా భాగించే అంకెలు 12 ఉన్నాయి. 60 కంటె చిన్న అంకె దేనికీ అన్ని లేవు. ఇలా తన కంటె చిన్నవాటన్నిటినీ మించి భాజకాలు గల అంకెలను రామానుజన్ గారు వరుసగా జాబితా వేశారు.

ఆ జాబితాలో చివరిది 67,46,32,83,88,800. అంటే 6 లక్షల 74 వేల 632 కోట్ల పైచిలుకు. దీనిని విడదీస్తే 2 ఆరుసార్లు, 3 నాలుగుసార్లు, 5, 7 రెండేసిసార్లు, 11, 13, 17, 19, 23 ఒక్కొక్కసారి వస్తాయి. ప్రతి లెక్కకూ ఒకటి కలిపి హెచ్చవేస్తే, 7×5×3×3×2×2×2×2×2, భాజకాలు 10,080. యంత్రం సాయం లేకుండా వేసిన లెక్క ఇది.

ఇంతటి జాబితాలోనూ ఒక్క పద్దు తప్పిపోయింది. అది 2,93,31,86,25,600. దీనికి 5,040 భాజకాలు. తరువాతి వారు దానిని పట్టుకున్నారు. చిత్రమేమిటంటే, జాబితాలోని ఆ చివరి అంకెను 23తో భాగిస్తే వచ్చేది సరిగ్గా ఇదే. సభ్యులు కాగితం మీద వేసి చూసుకోవచ్చు. లెడ్జరులో ఒక పద్దు ఎక్కించడం మరచి, టోటల్ తేలక, చీకటి పడేదాకా కూర్చున్న రోజులు నాకూ ఉన్నాయి. కనుక ఈ సంగతి తెలిసినప్పుడు ఆయన మీద నాకు గౌరవం తగ్గలేదు సరికదా, ఆత్మీయత పెరిగింది.

లండన్ గణిత సంఘానికి అప్పట్లో డబ్బు ఇబ్బంది. ఖర్చు తగ్గించడానికి వ్యాసంలో కొంత భాగం ఆపివేశారు. ఆ భాగం 1997లో గాని అచ్చు కాలేదు. అయినా ఆ వ్యాసం మీదనే 1916లో కేంబ్రిడ్జి ఆయనకు బి.ఏ. పట్టా ఇచ్చింది. ఇక్కడ దక్కని డిగ్రీ అక్కడ దక్కింది. 1918లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. కాని ఆరోగ్యం పాడై 1919లో తిరిగివచ్చి, 1920 ఏప్రిల్ 26న మద్రాసులో 32 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

జానకి అమ్మాళ్ గారు యూనివర్సిటీ పింఛనుతోనూ, కుట్టుపని సంపాదనతోనూ ఎన్నో ఏళ్లు గడిపి 1994లో పరమపదించారు. నెల మొదట వచ్చే ఆ కొద్ది సొమ్ము విలువ మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

చివరగా ఒక మనవి. ఫలితాలు వచ్చే రోజుల్లో మన మనుమలు, మనుమరాళ్లలో ఎవరైనా పరీక్ష తప్పితే, మందలించే ముందు పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టండి. విశాఖపట్నం రైలెక్కిన ఆ పదిహేడేళ్ల కుర్రవాణ్ణి ఒక్కసారి తలచుకోండి.