సర్ తామస్ మన్రో

దొరతనము వంశమువలన లభింపవచ్చును. ప్రజల మన్నన మాత్రము పనివలననే లభించును. ఇందులకు తామస్ మన్రో జీవితమే నిదర్శనము.

ఇతడు 1761వ సంవత్సరము మే 27వ తేదీన స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి పొగాకు వర్తకుడు. అమెరికా యుద్ధమువలన ఆ వ్యాపారము చెడిపోగా, మన్రో కుంపిణీ సైన్యమున చేరి 1780లో మద్రాసు చేరుకొనెను. మైసూరు యుద్ధములందు పోరాడి, 1792 మొదలు ఏడేండ్లు బారామహలు సీమలో శిస్తు వ్యవహారములు నేర్చెను.

1800లో నిజాము ప్రభువు బళ్లారి, కడప మున్నగు సీమలను కుంపిణీకి ఒసంగెను. ఇవియే దత్తమండలములు. మన్రో వీనికి ప్రధాన కలెక్టరయ్యెను. అచ్చట సుమారు ఎనుబదిమంది పాళెగాండ్రుండిరి. వారిలో పలువురిని వెడలగొట్టిన ఇతని కాఠిన్యమును లండనులోని డైరెక్టర్లు సైతము ఆక్షేపించిరి.

1802లో నలుగురు గుమాస్తాలతో భూముల కొలత ప్రారంభించెను. క్రమముగా వారి సంఖ్య నూరైనది. కొలత గొలుసు 33 అడుగులు. అంత పొడవు, అంత వెడల్పు గల నేల గుంట. నలుబది గుంటలు ఎకరము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల రైతులకు నేటికిని పరిచితమైన లెక్క ఇదియే. నడుమ ఇజారాదారు లేకుండ రైతుపేరనే పట్టా వ్రాయుట ఇతని పద్ధతి. దానికి రైతువారీ యని పేరు.

అయినను శిస్తు భారముగనే యుండెను. మన్రో ఆ సంగతి దాచలేదు. 1807లో స్వదేశమునకు పోవుచు, నాలుగవవంతు తగ్గింపుమని వ్రాసెను. పైయధికారు లంగీకరింపక గ్రామములను గుత్తకిచ్చిరి. గుత్తదార్లు నష్టపడిరి, రైతులు నలిగిరి. 1820లో మన్రోయే మద్రాసు గవర్నరైన పిదప ఆ తగ్గింపు అమలునకు వచ్చెను. రైతువారీ మరల నెలకొనెను.

1822లో ఇతడు రాజధానియందలి వీథిబడులన్నింటిని లెక్కింప నుత్తరువిచ్చెను. 12,498 బడులు తేలినవి. చదువునకు ప్రోత్సాహము తగ్గినదని గుర్తించి, జిల్లాలకును తాలూకాలకును పాఠశాలలు నెలకొల్ప 1826లో ప్రణాళిక రచించెను. స్వదేశీయులకు ఉన్నతోద్యోగములు లేకున్న వారి శీలము క్షీణించునని 1824లోనే వ్రాసి హెచ్చరించెను.

1825లో బారొనెట్ బిరుదు లభించెను. పదవి విరమించి స్వదేశమున కేగుటకు ముందు దత్తమండలములను కడసారి చూడవచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాచే మరణించెను. గుత్తిలో ఖననము చేసిరి. పిదప అస్థికలను మద్రాసునకు తరలించిరి. ఆ సీమ రైతులు కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడిరి.

అర్ధశతాబ్దములోపలనే మొదటి సాలార్జంగు నిజాము రాజ్యమున శిస్తు ఇజారాలను రద్దుపరచి, దివానీ గ్రామములందు రైతుతో నేరుగా లెక్క చూచు పద్ధతికి పునాది వేసెను. గ్రామలెక్క సరిగానున్ననే రైతునకు న్యాయము కలుగునని మన్రో నమ్మెను. లెక్కలో తప్పున్నచో ఒప్పుకొని దిద్దవలయునని తన నడతచే చూపెను.