శబ్దసాధకుడు గ్రాహంబెల్

టెలిఫోను సృష్టికర్తగా లోకమెరిగిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ తనను తాను బధిరుల ఉపాధ్యాయునిగానే భావించుకొన్నాడు. ఆయన 1847 మార్చి 3న స్కాట్లాండులోని ఎడిన్‌బరో నగరంలో జన్మించాడు. తండ్రి మెల్విల్ బెల్ ఉచ్చారణశాస్త్రంలో పండితుడు. తల్లి ఎలిజాకు వినికిడి అంతంతమాత్రం. ఇతరులు ఆమెతో చెవిగొట్టం ద్వారా బిగ్గరగా మాట్లాడేవారు. బెల్ మాత్రం ఆమె నుదుటికి దగ్గరగా నోరుంచి మెల్లని గొంతుతో పలికేవాడు. ధ్వని కంపనరూపంలో ఎముకల గుండా కూడా ప్రయాణిస్తుందన్న పాఠం ఆయనకు ఇంటిలోనే లభించింది.

క్షయవ్యాధి సోదరులిద్దరినీ బలిగొనగా 1870లో ఆ కుటుంబం కెనడాకు తరలివెళ్ళింది. మరుసటి ఏడు బెల్ అమెరికాలోని బోస్టన్ నగరంలో బధిరులకు మాటలు నేర్పే పనిలో చేరాడు. ఆయన శిష్యురాలు మేబెల్ హబ్బర్డ్ బాల్యంలో సోకిన జ్వరం వలన వినికిడి పూర్తిగా కోల్పోయింది. పెదవుల కదలికను బట్టి మాటలు గ్రహించేది. 1877లో బెల్ ఆమెను వివాహమాడాడు. అంతకు ముందటి ఏడే, 1876 మార్చి 7న, టెలిఫోనుకు పేటెంటు లభించింది. కోసుల దూరాన ఉన్నవారికి మాటను చేర్చిన ఆ యంత్రం, ఇంటనున్న ఇల్లాలికి ఒక్క అక్షరమైనా వినిపించలేకపోయింది.

బెల్ అభిప్రాయాలన్నీ ఆదరణీయాలని చెప్పలేము. బధిరులు సంజ్ఞాభాషను విడిచి నోటితోనే మాట్లాడాలని పట్టుబట్టాడు. తాను బధిరురాలిని చేపట్టినవాడే, బధిరులు పరస్పరం వివాహమాడడం తగదని 1883లో వాదించాడు. ఆ గాయం బధిర సమాజంలో నేటికీ మానలేదు.

టెలిఫోనులో మాట విద్యుత్తుగా మారి, ఆ విద్యుత్తు తిరిగి మాటగా మారుతుంది. ఈ సూత్రం మీదనే బెల్ జీవించి ఉండగానే విద్యుత్ వినికిడి యంత్రాలు వెలిశాయి. తొలినాటివి బల్లమీద పెట్టుకొనవలసినంత పెద్దవి. అనంతరం వాల్వులు వచ్చాయి. వాల్వులోని తీగను వేడిచేయడానికొక బ్యాటరీ, విద్యుత్ ప్రవాహానికి మరొక బ్యాటరీ కావాలి. వినికిడి లేనివారు ఆ బరువును దుస్తుల మాటున మోసేవారు.

1922 ఆగస్టు 2న బెల్ కెనడాలో కన్నుమూశాడు. అంత్యక్రియల వేళ ఉత్తర అమెరికాలోని టెలిఫోన్లు ఒక్క నిమిషం మూగవోయాయి. పాతికేళ్ళ తరువాత, 1947లో, ఆయన పేరిట వెలసిన బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టర్ పుట్టింది. అది వాల్వు చేసే పనే చేస్తుంది. కాని పరిమాణంలో అత్యల్పం, వేడిచేయ నక్కరలేదు, చిన్న బ్యాటరీ చాలు. సామాన్యులకు అది మొదట అందినది రేడియోలో కాదు, 1952 చివర వెలువడిన వినికిడి యంత్రంలో. ట్రాన్సిస్టర్ పేటెంటును వాడుకొనే సంస్థలు రుసుము చెల్లించవలసి ఉండేది. వినికిడి యంత్రాలు తయారుచేసేవారికి మాత్రం, గ్రాహంబెల్ స్మృతికి గౌరవంగా, ఆ రుసుమును మినహాయించారు.