కార్బెట్ దొర, ఆయన రైఫిళ్ళు

సంచికకి ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగితే ముందు వెనకాడాను. యుద్ధాల గురించి రాయగలవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను ఆర్మరర్‌ని. సికింద్రాబాద్ ఇ.ఎం.ఇ. సెంటర్‌లో ట్రైనింగ్ అయినప్పటి నుంచి నాయిబ్ సుబేదార్‌గా పెన్షన్ వచ్చేదాకా నా సర్వీసంతా కోత్‌ల చుట్టూ, రేంజిల చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. అందుకని నాకు తెలిసిన దారిలోనే వెళ్ళి, తుపాకీ గురించి నాకన్నా ఎక్కువ తెలిసిన ఒక మనిషి జీవితం రాస్తున్నాను.

పెన్షన్ మీద ఇంటికొచ్చాక మనవాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. లైసెన్సు వచ్చింది, ఏ తుపాకీ కొనమంటారు అని. ఆ మధ్య ఒక మాజీ హవల్దార్ తమ్ముడు సెక్యూరిటీ ఉద్యోగం కోసం పాత డబుల్ బ్యారెల్ ఒకటి బేరానికి కొని, కొన్నాక నాకు చూపించాడు. మూసి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూశాను. బ్యారెల్‌కీ బ్రీచ్‌కీ మధ్య సన్నటి సందులోంచి వెలుగు కనపడింది. అది పేల్చితే ముందుకి వెళ్ళాల్సిన మంట కొంత వెనక్కి, కంట్లోకి వస్తుంది. తమ్ముడు నమ్మలేదు, బయటికి చూస్తే బాగానే ఉందిగా అన్నాడు. అప్పుడు అతనికి చంపావత్ కథ చెప్పాను. మీకూ చెబుతాను గానీ, వరసలో చెప్పాలి.

ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్ 1875 జులై 25న నైనితాల్‌లో పుట్టాడు. జిమ్ కార్బెట్ అంటేనే అందరికీ తెలుస్తుంది. తండ్రి ఆ ఊరి పోస్ట్‌మాస్టర్. పెద్ద కుటుంబం, చిన్న జీతం. పిల్లవాడికి ఆరేళ్ళు నిండకముందే, 1881లో, తండ్రి పోయాడు. తల్లి మేరీ ఇల్లు నెట్టుకొచ్చింది. ఎండాకాలం నైనితాల్‌లో, చలికాలం కొండ కింద కాలాఢూంగీలో కాపురం. కాలాఢూంగీ ఇంటి గుమ్మం దాటితే అడవే. ఉండేలుతో మొదలుపెట్టి, గులకరాళ్ళు వేసే విల్లుకి వచ్చి, ఆ తర్వాత తుపాకీ పట్టాడు.

ఆ మొదటి తుపాకీ మూతి నుంచి మందు దట్టించే పాత జంటగొట్టం. ఒక గొట్టం చీలిపోయింది. బట్‌నీ గొట్టాలనీ ఇత్తడి తీగతో కట్టి ఉంచారు. దాన్ని ఇచ్చింది పక్షుల మీద పుస్తకం రాస్తున్న ఒక బంధువు. ఒక్క గొట్టమే పని చేస్తుంది, మందు గుండు కొనడానికి డబ్బుల్లేవు కాబట్టి ఒక్కో దెబ్బకీ లెక్క. మన రిక్రూట్లకి ఇరవై రౌండ్లు చేతికిస్తే ఎలా కాలుస్తారో రేంజి మీద నిలబడ్డ ప్రతివాడికీ తెలుసు. ఈ పిల్లవాడికి ఆ సుఖం లేదు.

పదేళ్ళ వయసులో నైనితాల్ వాలంటీర్ రైఫిల్స్‌కి చెందిన స్కూలు కేడెట్ కంపెనీలో చేరాడు. అక్కడి సార్జంట్ మేజర్ పిల్లవాడి గురి చూసి, సెలవులకి ఒక .450 మార్టినీ సర్వీసు రైఫిల్‌నీ, తూటాలనీ అప్పుగా ఇచ్చాడు. షరతులు రెండే. రైఫిల్ శుభ్రంగా ఉంచాలి, ఖాళీ కేసులు తిరిగి అప్పజెప్పాలి. నాకు ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. ఎన్ని దశాబ్దాలు గడిచినా కోత్ రూలు మారలేదు! మార్టినీ మామూలు రైఫిల్ కాదు. భుజాన్ని గట్టిగా తన్నుతుంది, పెద్దవాళ్ళకే నొప్పి పుడుతుంది. ఆ రైఫిల్‌తోనే కాలాఢూంగీ అడవిలో తన మొదటి చిరుతని కొట్టాడు.

చదువు ఎక్కువ సాగలేదు. పద్దెనిమిది దాటకముందే రైల్వేలో చేరి మానక్‌పూర్‌లో ఇంజన్లకి కట్టెలు సరఫరా చేసే పని చూశాడు. తర్వాత గంగ ఒడ్డున మొకామా ఘాట్‌లో బ్రాడ్ గేజ్ నుంచి మీటర్ గేజ్‌కి సరుకు మార్చే కాంట్రాక్టు తీసుకుని ఇరవై ఏళ్ళ పైన చేశాడు. కూలీలతో కలిసి పనిచేసేవాడు, లాభంలో వాళ్ళకీ వాటా ఇచ్చేవాడు. పులి వేటకి పేరొచ్చింది ఈ ఉద్యోగంలో పెట్టిన సెలవుల్లోనే.

1907లో చంపావత్ ఆడపులిని చంపమని ప్రభుత్వం అడిగింది. నేపాల్‌లో 200 మందిని, అక్కడి నుంచి తరిమితే కుమావూఁ వచ్చి మరో 236 మందిని తిన్న పులి అది. కార్బెట్ రెండు షరతులు పెట్టాడు. ఆ పులి మీద ప్రకటించిన బహుమతులన్నీ రద్దు చేయాలి, మిగతా వేటగాళ్ళని వెనక్కి పిలవాలి. డబ్బు కోసం వచ్చినవాడన్న పేరు వద్దనుకున్నాడు, వెనక నుంచి ఎవడో కాల్చిన తూటా తనకి తగలడమూ వద్దనుకున్నాడు. రెండోది మాత్రం ఫౌజీ ఎవడైనా పెట్టే షరతే.

చంపావత్ తహసీల్దారు అడవి తోలడానికి 298 మందిని పోగుచేశాడు. ఉన్న తుపాకులన్నీ పట్టుకు రండి, లైసెన్సు లేకపోయినా పట్టించుకోను అని కబురు పెట్టాడు. కార్బెట్ చేతిలో .500 రైఫిల్ ఉంది. నల్లమందు కాలం నాటి పెద్ద బోర్, అందులో తక్కువ మోతాదు కార్డైట్ పెట్టి వాడేది. జేబులో తూటాలు మూడే. ఒకటి పులికి, ఒకటి తప్పితే, ఒకటి ఆపదకి అని లెక్క. ఆ లెక్క తప్పింది. మూడూ కాల్చేశాడు, దెబ్బ తగిలిన పులి ఇంకా నిలబడే ఉంది. చేతిలో ఖాళీ రైఫిల్!

వాగు దాటి, గట్టెక్కి, తహసీల్దారు చేతిలోంచి తుపాకీ లాక్కుని వెనక్కి పరిగెత్తాడు. పులికి ఇరవై అడుగుల దూరంలో తుపాకీ ఎత్తినప్పుడు చూశాడు. బ్యారెల్‌కీ బ్రీచ్‌కీ మధ్య అంగుళంలో మూడో వంతు పైన సందు ఉంది. ఇంతకు ముందు పేల్చినప్పుడు పగలలేదు కాబట్టి ఇప్పుడూ పగలకపోవచ్చు, కాకపోతే మంట వెనక్కి తన్ని కళ్ళు పోవచ్చు. అయినా పేల్చాడు. పులి నోట్లోకి గురిపెడితే గుండు వెళ్ళి ముందు కాలి పంజాకి తగిలింది. అదృష్టం ఏమిటంటే అంతకు ముందు తగిలిన గాయాలకే పులి ప్రాణం పోతూ ఉంది. అలాగే రాతి మీద ఒరిగిపోయింది.

మా హవల్దార్ తమ్ముడికి నేను చెప్పింది ఇంతవరకే. కార్బెట్‌కి ఆ క్షణాన వేరే తుపాకీ లేదు, నీకు మార్చుకునే టైము ఉంది కదా అన్నాను. మర్నాడు ఆటోలో వేసుకుని అమ్మినవాడి దగ్గరికి వెళ్ళాడు.

చంపావత్ తర్వాత జరిగింది ఇంకా బాగుంటుంది. సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జాన్ హ్యూవెట్ నైనితాల్‌లో దర్బారు పెట్టి, ఆ తహసీల్దారుకి ఒక కొత్త తుపాకీ బహుమతిగా ఇచ్చాడు. ఇవ్వక తప్పుతుందా మరి! కార్బెట్‌కి లండన్ రిగ్బీ కంపెనీ వారి .275 రైఫిల్ ఇచ్చాడు. బట్ మీద చంపావత్ సంగతి చెక్కిన వెండి రేకు ఉంది. మౌజర్ బోల్ట్, తేలికైన తుపాకీ. దాని తూటా మన వాడుకలో 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాయే. గుండు బరువు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. మనం మోసిన ఎస్.ఎల్.ఆర్. గుండుకి దాదాపు సమానం. పెద్దపులి లాంటి జంతువుకి ఇది చిన్నదే అనాలి. కానీ కొండల్లో రోజుకి పాతిక కిలోమీటర్లు నడిచేవాడికి బరువు తక్కువ, గురి నిక్కచ్చి. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా అదే ఆయన భుజం మీద ఉంది.

పెద్ద రైఫిల్ కూడా కొన్నాడు. డబ్ల్యూ. జె. జెఫరీ కంపెనీ వారి .450/400 జంటగొట్టం. ఇక్కడ కాస్త ఆగి మన పని గురించి చెప్పాలి. ఆ గుండు 400 గ్రెయిన్లు, దగ్గర దగ్గర 26 గ్రాములు. రిగ్బీ గుండుకి దాదాపు మూడు రెట్లు. ఆ రకం రైఫిళ్ళు 10 పౌండ్లు అటూ ఇటూ తూగుతాయి. అంత పెద్దదే కావాలనుకుంటే పూర్తి .450 ఎందుకు కొనరు అని అడగొచ్చు. 1900 తర్వాతి మొదటి దశాబ్దంలోనే బ్రిటిష్ ప్రభుత్వం .450 తూటాలని ఇండియాలోకి రానివ్వకుండా ఆపింది. పాత మార్టినీ రైఫిళ్ళు చాలామంది చేతుల్లో ఉన్నాయి, వాటికి ఈ గుండ్లు పనికొస్తాయని భయం. దాంతో కంపెనీలు .470, .465 లాంటి వింత కొలతలు తయారుచేశాయి. .400కి ఆ బాధ లేదు.

అప్పట్లో పెద్ద రైఫిల్ కొనడమంటే బట్టలు కుట్టించుకున్నట్టే. ట్రిగ్గర్ నుంచి బట్ చివరి దాకా ఎంత పొడవు, చెంప ఎక్కడ ఆనుతుంది, కుడి భుజమా ఎడమ భుజమా, ఈ కొలతలన్నీ ఉత్తరంలో రాసి పంపేవాళ్ళు. కలకత్తాలో ఏజెంట్లు ఉండేవాళ్ళు. జంటగొట్టాల్లో అసలు కష్టం ఎక్కడుందంటే, రెండు బ్యారెళ్ళనీ పక్కపక్కన అతికి, రెండింటి గుండ్లూ ఒకే చోట తగిలేలా కూర్చాలి. కార్ఖానాలో మూతుల మధ్య చిన్న చీలలు జరుపుతూ, కాలుస్తూ, చూస్తూ, మళ్ళీ జరుపుతూ సరిచేస్తారు. ఆ కూర్పు ఒక్క రకం తూటాకే పనికొస్తుంది. మందు మోతాదు మారితే కుడి గుండు ఒక పక్కకి, ఎడమ గుండు ఇంకో పక్కకి పోతాయి. దానికి తోడు కార్డైట్‌కి ఎండంటే పడదు. ఇంగ్లండు చలిలో సరిపోయిన తూటా మన మే నెల ఎండలో ఒత్తిడి పెంచి, కేసు ఛాంబర్‌లో బిగుసుకుంటుంది. అందుకే ఇండియాకి పంపేవాటిలో మందు తగ్గించి దట్టించేవాళ్ళు. బజారులో ఏ తూటా దొరికితే అది కొనుక్కుని అడవికి వెళ్ళినవాళ్ళు ఈ సంగతి పులి ఎదురుగా తెలుసుకున్నారు.

మరి ఇంత కష్టం ఎందుకంటే రెండో దెబ్బ కోసం. బోల్ట్ లాగనక్కర్లేదు, చప్పుడుండదు, వేలు రెండో ట్రిగ్గర్ మీదికి జరిగితే చాలు.

మొదటి యుద్ధంలో, 1917లో, కుమావూఁ నుంచి 500 మందిని చేర్చుకుని కెప్టెన్ హోదాలో ఫ్రాన్సు తీసుకెళ్ళాడు. 70వ కుమావూఁ కంపెనీ అది. ఒక్కడు తప్ప అందరినీ ఇంటికి తీసుకొచ్చాడు. తర్వాత వజీరిస్తాన్‌లో పనిచేసి మేజర్‌గా బయటికొచ్చాడు. కాలాఢూంగీ పక్కన ఛోటీ హల్ద్వానీ ఊరు కొని, రైతుల్ని కుదిర్చి, పంటలు కాపాడటానికి చుట్టూ గోడ కట్టించాడు.

రుద్రప్రయాగ చిరుత మీద చాలా పుస్తకాలొచ్చాయి కాబట్టి క్లుప్తంగా చెబుతాను. లెక్కల్లోకి ఎక్కినవాళ్ళే 125 మంది. ఉచ్చులు, విషం, తుపాకీ బోనులు, ఏవీ పనిచేయలేదు. 1926 మే 2వ తేదీ రాత్రి గులాబ్‌రాయ్ మామిడిచెట్టు మీద కూర్చుని ఉండగా మేకపిల్ల మెడ గంట మోగింది. రైఫిల్‌కి బిగించిన టార్చి వెలిగి, క్షణం కాంతి ఇచ్చి ఆరిపోయింది. ఆ క్షణంలోనే ట్రిగ్గర్ నొక్కాడు. రైఫిల్ చిన్న రిగ్బీయే. నైట్ ఫైరింగ్ చేసినవాళ్ళు ఆ ఒక్క క్షణం ఎంతో ఊహించుకోగలరు.

1930 ఏప్రిల్ 11న చౌగఢ్ ఆడపులి. ఎడమ చేతిలో పక్షి గుడ్లు పట్టుకుని బండరాయి మలుపు తిరిగేసరికి పులి ఎనిమిది అడుగుల్లో ఉంది. కదిలితే చావే. రైఫిల్‌ని ఒంటిచేత్తో అంగుళం అంగుళం తిప్పి, భుజానికి ఆన్చకుండానే పేల్చాడు. గుడ్లు పగలలేదు.

పెద్ద రైఫిల్ విలువ కనపడింది ఠాక్ ఊళ్ళో, 1938 నవంబరు 30న. ఆయనకి అప్పటికి 63 ఏళ్ళు. పొద్దు గుంకుతోంది, ఇంక నరమాంసభక్షక పులుల వేట మానేద్దామని నిశ్చయించుకున్న ఆఖరి రోజు అది. మగపులిలా కూతపెట్టి ఆడపులిని తన దగ్గరికే పిలిచాడు. ఒక రాయి వెనక కాలికి పట్టు దొరకని చోట నిలబడి జెఫరీ రెండు గొట్టాలూ పేల్చాడు. ఆ తన్నుకి తట్టుకోలేక వెనక్కి, కింద నక్కి ఉన్న మనుషుల మీద పడ్డాడు. పులి లేవలేదు. 26 గ్రాముల గుండ్లు రెండు, అర నిమిషం దాటితే చీకటి.

కానీ ఈయనని వేటగాడు అని వదిలేస్తే తప్పు. ఆ సంవత్సరాల్లోనే కెమెరా పట్టి, ఒకే చోట ఏడు పులులని సినిమా తీశాడు. 1936లో మన దేశపు మొదటి జాతీయ పార్కు హెయిలీ పేరున ఏర్పడటానికి పాటుపడ్డాడు. ఆయన పోయాక దానికే కార్బెట్ పేరు పెట్టారు. రెండో యుద్ధంలో డెబ్భైకి దగ్గరపడ్డ వయసులో లెఫ్టినెంట్ కల్నల్ హోదాలో బర్మా వెళ్ళే సైనికులకి అడవిలో బతకడం నేర్పాడు. 1944లో మొదటి పెద్ద పుస్తకం వచ్చింది. 1947 ఆఖర్లో అక్క మ్యాగీతో కెన్యా వెళ్ళి, న్యేరిలో 1955 ఏప్రిల్ 19న పోయాడు. ఎందుకు వెళ్ళాడో, ఇక్కడే ఉంటే ఏమయ్యేదో, నాకు ఇప్పటికీ మనసుకి పట్టదు. ఆ ఊరివాళ్ళు ఆయన్ని ఎంత తలుచుకుంటారో, నా రాణీఖేత్ పోస్టింగులో సెలవు పెట్టి కాలాఢూంగీ వెళ్ళినప్పుడు విన్నాను. ఇల్లు మ్యూజియంగా ఉంది. రైఫిల్ మాత్రం అక్కడ లేదు.

ఆ .275 ఆయన తర్వాత ఆయన పుస్తకాలు వేసిన ఆక్స్‌ఫర్డ్ ప్రచురణ సంస్థ దగ్గర చాలాకాలం ఉంది. 2015లో దాన్ని తయారుచేసిన రిగ్బీ కంపెనీయే మళ్ళీ కొనుక్కుంది. 2016లో ఇండియాకి తెచ్చి ఛోటీ హల్ద్వానీ జనానికి చూపించి, తిరిగి తీసుకెళ్ళారు. అప్పటికి నేను వేరే చోట డ్యూటీలో ఉన్నాను, వెళ్ళలేకపోయాను. అందరూ వెండి రేకుని చూసుంటారు. నాకైతే బోల్ట్ తీసి, బ్యారెల్‌ని కిటికీ వెలుగుకి ఎదురుగా పెట్టి లోపలి గాళ్ళు ఎలా ఉన్నాయో చూడాలనుండేది.