ఆన్ బ్రాంటి

ఆంగ్ల నవలా సాహిత్యంతో కొద్దిపాటి పరిచయం ఉన్నవారికైనా షార్లెట్ బ్రాంటి రచించిన 'జేన్ ఐర్', ఎమిలీ బ్రాంటి రచించిన 'వుదరింగ్ హైట్స్' నవలల పేర్లు తెలిసే ఉంటాయి. ఆ ఇద్దరి చెల్లెలు ఆన్ బ్రాంటి కూడా నవలా రచయిత్రి అని ఎరిగినవారు తక్కువ. ఎరిగినవారిలోనూ ఆమె రెండవ నవల 'ద టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్'ను చదివినవారు మరీ అరుదు. వెలువడిన కొత్తలో వేగంగా అమ్ముడుపోయిన గ్రంథమది. అది ఆ తరువాత మరుగునపడడానికి కారణం పాఠకుల నిరాదరణ కాదు. రచయిత్రిని ప్రాణప్రదంగా ప్రేమించిన తోడబుట్టిన అక్క నిర్ణయం.

ఆన్ 1820 జనవరి 17న ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో థార్న్‌టన్ గ్రామంలో జన్మించింది. తండ్రి ప్యాట్రిక్ బ్రాంటి ఐర్లండు నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ మతాచార్యుడు. ఆరుగురు సంతానంలో ఆన్ కడగొట్టు బిడ్డ. ఆమె పుట్టిన కొద్ది నెలలకే కుటుంబం హావర్త్ అనే కొండ ఊరికి తరలివెళ్లింది. ఆమెకు రెండేళ్లు నిండకముందే తల్లి మరణించింది. పెద్దమ్మ ఎలిజబెత్ బ్రాన్‌వెల్ వచ్చి పిల్లల పోషణభారం స్వీకరించింది. 1825లో పెద్దక్కలిద్దరూ వసతి పాఠశాలలో జబ్బుపడి, ఇల్లు చేరి కన్నుమూశారు.

మిగిలిన నలుగురికీ ఊహాలోకమే ఆటస్థలమైంది. 1826లో తండ్రి కుమారుడు బ్రాన్‌వెల్ కోసం కొయ్య సిపాయిల బొమ్మలు తెచ్చాడు. పిల్లలు వాటికి పేర్లు పెట్టి, రాజ్యాలు కల్పించి, కథలల్లారు. కొంతకాలానికి ఎమిలీ, ఆన్‌లు విడిగా 'గోండల్' అనే కల్పిత దేశాన్ని సృష్టించుకొని, దాని చరిత్రను ఎన్నో ఏళ్లపాటు రాసుకొన్నారు.

ఆ కుటుంబానికి ఆస్తిపాస్తులు లేవు. ఆనాడు చదువుకొన్న మధ్యతరగతి ఆడపిల్లకు గౌరవంగా బతికేందుకు ఉన్న ఒకటి రెండు దారులలో ముఖ్యమైనది సంపన్నుల ఇళ్లలో ఉండి పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగం. 1839లో ఆన్ అటువంటి ఉద్యోగంలో చేరింది. మొదటి ఇంట ఏడాదైనా నిలువలేకపోయింది. తరువాత యార్క్ నగరం సమీపంలోని థార్ప్ గ్రీన్‌లో రాబిన్సన్ కుటుంబంవారి ఇంట సుమారు ఐదేళ్లు పనిచేసింది. అటువంటి ఉపాధ్యాయురాలు ఆ ఇంటి మనిషి కాదు, పనిమనిషీ కాదు. పిల్లలను దండించే అధికారం లేదు. వారు చెడితే నింద మాత్రం ఆమెదే. ఈ అనుభవాలనుంచే ఆమె మొదటి నవల 'ఆగ్నెస్ గ్రే' పుట్టింది.

1843లో బ్రాన్‌వెల్ కూడా అదే ఇంట అధ్యాపకుడిగా చేరాడు. 1845 జూన్‌లో ఆన్ తనంతట తాను ఉద్యోగం వదులుకొంది. మరుసటి నెలలో బ్రాన్‌వెల్‌ను పనినుంచి తొలగించారు. కవిత్వంలోనూ చిత్రలేఖనంలోనూ ప్రతిభ గల ఆ యువకుడు ఆ దెబ్బనుంచి కోలుకోలేదు. మద్యానికీ నల్లమందుకూ బానిసయ్యాడు. మూడేళ్లపాటు అతని పతనం అక్కచెల్లెళ్ల కళ్లముందే, ఒకే కప్పు కింద సాగింది.

ఆ రోజులలోనే వారు రచనలను అచ్చుకు సిద్ధం చేశారు. స్త్రీలు రాశారంటే విమర్శకులు చిన్నచూపు చూస్తారన్న సందేహంతో కరర్ బెల్, ఎల్లిస్ బెల్, ఆక్టన్ బెల్ అనే మారుపేర్లు పెట్టుకొన్నారు. ఆక్టన్ బెల్ మన ఆన్. 1846లో సొంత ఖర్చుతో వేసిన కవితా సంపుటి ఏడాదిలో రెండే ప్రతులు అమ్ముడైంది. అయినా వారు నిరుత్సాహపడలేదు. 1847లో ముగ్గురి నవలలూ వెలువడ్డాయి. 1848 జూన్‌లో ఆన్ రెండవ నవల వచ్చింది.

పాడుబడిన వైల్డ్‌ఫెల్ హాల్‌లోకి హెలెన్ గ్రాహం అనే అపరిచిత స్త్రీ ఐదేళ్ల కుమారుడితో అద్దెకు దిగుతుంది. చిత్రాలు గీసి, అమ్ముకొని జీవిస్తుంది. ఊరివారికి ఆమె ఒక వింత. ఒకనాడు మార్కమ్ కుటుంబంవారి ఇంట ఎవరో పిల్లవాడికి ద్రాక్షసారా అందిస్తారు. పసివాడు భయంతో ముడుచుకుపోతాడు. జబ్బు చేసినప్పుడల్లా దానినే మందుగా తాగించి ఏవగింపు కలిగించానని తల్లి చెబుతుంది. అక్కడివారు నవ్వుతారు, కొడుకును పిరికివాడిగా పెంచుతోందని ఆక్షేపిస్తారు. లోకంలోని చెడునుంచి ఆడపిల్లను అంత జాగ్రత్తగా కాపాడుతూ మగపిల్లవాడిని మాత్రం అందులోకి తోసివేయడం ఏమి న్యాయమని హెలెన్ వాదిస్తుంది.

ఆ భయానికి అసలు కారణం ఎన్నో ప్రకరణాల తరువాత, యువరైతు గిల్బర్ట్ మార్కమ్ చేతికి ఆమె ఇచ్చిన దినచర్య పుస్తకంలో బయటపడుతుంది. ఆమె భర్త ఆర్థర్ హంటింగ్‌డన్ తాగుబోతు. స్నేహితుల మధ్య కన్నకొడుకుచేత తాగించి, బూతులు పలికించి వినోదించినవాడు. గత్యంతరం లేక ఆ తల్లి సారాలో వాంతి మందు కలిపి బిడ్డను ఆ రుచికి దూరం చేసింది. పారిపోవాలన్న ఆలోచన తెలిసి భర్త ఆమె చిత్రలేఖన సామగ్రిని అగ్నికి ఆహుతి చేశాడు. మొదట మనం కూడా ఊరివారితో కలిసి వింతగా చూసిన దృశ్యం, దినచర్య చదివాక మరోలా కనిపిస్తుంది. ఈ నవల నిర్మాణంలోని బలం ఇదే. గిల్బర్ట్ పాత్ర హెలెన్ పాత్రంత దృఢంగా రూపొందలేదన్న మాట కూడా నిజమే.

ఆనాటి ఆంగ్ల శాసనం ప్రకారం వివాహిత సంపాదన భర్తదే. బిడ్డపై హక్కు తండ్రిదే. భర్తను వీడి, బిడ్డతో వెళ్లి, సొంత కష్టంతో జీవించే హెలెన్ చట్టం దృష్టిలో దోషి. వివాహితకు తన సంపాదనపై హక్కు 1870 చట్టంతోనూ, ఆస్తిపై విస్తృతమైన హక్కు 1882 చట్టంతోనూ లభించాయి. నవల ఈ చట్టాలకు ఎంతో ముందుది.

విమర్శకులు నవలను మోటుగా ఉందని దుయ్యబట్టారు. ఆన్ వెనుదీయలేదు. ఆ ఏడాదే వచ్చిన రెండవ ముద్రణకు పీఠిక రాసి, దుర్గుణాన్ని దాని నిజరూపంలో చూపడమే తన ధర్మమని సమాధానమిచ్చింది. మృదుస్వభావిగా పేరుపడిన ఆమెలోని ధైర్యం ఆ పీఠికలో తెలుస్తుంది.

అంతలోనే ఆ ఇంటిపై మృత్యువు విరుచుకుపడింది. 1848 సెప్టెంబర్‌లో బ్రాన్‌వెల్, డిసెంబర్‌లో ఎమిలీ మరణించారు. క్షయ సోకిన ఆన్ తనకిష్టమైన స్కార్‌బరో సముద్రతీరానికి వెళ్లి, 1849 మే 28న అక్కడే తుదిశ్వాస విడిచింది. అప్పటికి ఆమె వయస్సు 29 ఏళ్లు.

1850లో చెల్లెళ్ల నవలలను పునర్ముద్రించే అవకాశం షార్లెట్‌కు వచ్చింది. 'వుదరింగ్ హైట్స్', 'ఆగ్నెస్ గ్రే'లకు ఆమె అంగీకరించింది. 'ద టెనెంట్'ను మాత్రం కాదన్నది. ఆ ఇతివృత్తాన్ని ఎన్నుకోవడమే పొరపాటని ఆమె అభిప్రాయం. ఇందుకు షార్లెట్‌ను నిందించడం సులభం. కాని ఎనిమిది నెలల వ్యవధిలో ముగ్గురు తోబుట్టువులను పోగొట్టుకొన్నదామె. హంటింగ్‌డన్ పాత్రలో బ్రాన్‌వెల్ ఛాయలున్నాయని విమర్శకులు అంటారు. ఆ పుటలను తిరిగి లోకం ముందుంచడం ఆమెకు ఎంత కష్టమో ఊహించవచ్చు. అయితే తమ్ముడి పరువు నిలవడం కోసమో, చెల్లెలి పేరు నిలవడం కోసమో ఆ చెల్లెలి మాటే మూగబోవలసివచ్చింది.

1854లో వెలువడిన చౌక ముద్రణలో నవల ప్రారంభ భాగంతోపాటు మరికొన్ని భాగాలు తొలగించారు. చిరకాలం అనేక ముద్రణలు ఆ లోపభూయిష్టమైన ప్రతినే అనుసరించాయి. 1992లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పండితులు పరిష్కరించిన ప్రామాణిక ప్రతి వెలువడింది. స్కార్‌బరోలోని సమాధి ఫలకంపై ఆన్ వయస్సు 28 అని తప్పుగా చెక్కి ఉండేది. తరువాత బ్రాంటి సొసైటీ వారు ఆ పాత ఫలకాన్ని అలాగే ఉంచి, పక్కన సరైన వయస్సుతో మరో ఫలకాన్ని అమర్చారు.