ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య: అభినయశాస్త్రము, ప్రజోద్యమము

వేటపాలెమున 1918లో నెలకొన్న సారస్వతనికేతన గ్రంథాలయము ఆంధ్రదేశమందలి పరిశోధకులకు సుపరిచితము. 1929లో గాంధీమహాత్ముడు అచట శంకుస్థాపన చేసినారు. వేటపాలెమునకు ఈశాన్యమున, కొలది దూరములోనే చీరాల పట్టణమున్నది. పూర్వము గుంటూరు మండలమునను, 1970 నుండి ప్రకాశము జిల్లాయందును ఉండిన ఈ రెండూళ్ళు 2022 నుండి బాపట్ల జిల్లాలోనివైనవి. పన్నుభారమును నిరసించి ఒక పట్టణము పట్టణమే ఇండ్లు విడిచి వెలికి నడచిన చీరాల–పేరాల ఉద్యమము 1921లో జరిగినది ఈ ప్రాంతముననే. దానికి నాయకులు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు.

నాట్యశాస్త్రాధ్యయనపరులు ఆయనను అభినయదర్పణానువాదకుడుగా ఎరుగుదురు. చరిత్రకారులు సత్యాగ్రహ నాయకుడుగా ఎరుగుదురు. ఒకరి గ్రంథములలో రెండవవారి గోపాలకృష్ణయ్య కానరాడు. ఈ రెండు వ్యాసంగములకును మూలమైన దృష్టి ఒక్కటేనని ఆయన జీవితమును సమగ్రముగా పరిశీలించినవారికి తోచకమానదు.

గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించినారు. తల్లి సీతమ్మ, తండ్రి కోదండరామస్వామి. శైశవముననే తల్లిదండ్రులను కోల్పోయి బంధువుల పోషణలో పెరిగినారు. విద్యాభ్యాసము కొంత బాపట్లలో సాగినది. సంగీత నాటకములయందును, తెలుగు పద్యమునందును చిన్ననాటనే అభిరుచి కుదిరినది. పిమ్మట మిత్రుల తోడ్పాటుతో సముద్రయానము చేసి, స్కాట్లండు దేశమందలి ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివి ఎం.ఏ. పట్టము పొందినారు.

విదేశవాసము ఆయనను స్వదేశవిద్యలకు దూరము చేయలేదు, మరింత చేరువ చేసినది. సింహళదేశమున 1877లో జన్మించి భారతీయ కళాతత్త్వమును పాశ్చాత్యులకు బోధించిన ఆనంద కుమారస్వామితో ఆయనకు సాహచర్యము కలిగినది. ఇరువురును కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమునకు పరివర్తించినారు. ఆ గ్రంథమును 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించినది. అనువాదమునకు ఆధారమైనది తెలుగు లిపిలో అచ్చయిన సంస్కృతప్రతి. అందుచేత తెలుగు లిపియందు ఆరితేరిన సహాయకుని పాత్ర సామాన్యము కాదని గ్రహింపవలెను. 1934లో మనోమోహన ఘోషు పరిష్కరించిన ప్రతి వెలువడిన పిదప పూర్వానువాదమున గ్రంథాంతరవిషయములు చేరియున్నవని తేలినది. అయినను శిరోభేదములు తొమ్మిది, దృష్టిభేదములు ఎనిమిది, గ్రీవాభేదములు నాలుగు అని అవయవచలనమును శాస్త్రబద్ధముగా విభజించిన మన సంప్రదాయమును పాశ్చాత్యవిద్వల్లోకమునకు పరిచయము చేసిన ఘనత మొదటి అనువాదమునకే చెల్లును.

స్వదేశమునకు మరలిన పిదప గోపాలకృష్ణయ్యగారు రాజమహేంద్రవరమునను, బందరు జాతీయ కళాశాలయందును కొలదికాలము అధ్యాపకత్వము నెరపినారు. ఉద్యోగనిర్బంధము ఆయన స్వభావమునకు సరిపడలేదు. చీరాలను కార్యక్షేత్రముగా గ్రహించి ఆంధ్రవిద్యాపీఠగోష్ఠిని స్థాపించినారు. శాస్త్రవిద్యతోపాటు జానపదకళలకును విద్యాస్థానమున ఆసనమీయవలెనని ఆయన ఆశయము. పండితుని పీఠమును, పల్లెకళాకారుని రంగస్థలమును ఒకేచోట చేర్చుట ఆనాటికి అరుదైన సాహసము.

ఆయన సమకూర్చిన రామదండు ఈ ఆశయమునకు రాజకీయరూపము. సుమారు వేయిమంది స్వచ్ఛందసేవకులు అరుణవస్త్రములు, రుద్రాక్షమాలలు ధరించి క్రమశిక్షణతో మెలగినారు. 1921 మార్చి చివర బెజవాడలో జరిగిన అఖిలభారత కాంగ్రెసు సంఘసమావేశమునకు వచ్చిన జనసమ్మర్దమును అదుపులో ఉంచినది ఈ దండే. అభినయము ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని చతుర్విధము. దండు నడకలో ఆంగికమును, రామనామమున వాచికమును, వేషమున ఆహార్యమును, అహింసాదీక్షలో సాత్త్వికమును చూచుట అసంగతము కాదు. ప్రేక్షకుడుగా నిలిచిన సామాన్యుని పాత్రధారిని చేయుట గోపాలకృష్ణయ్యగారి నాయకత్వలక్షణము.

1919లో ప్రభుత్వము చీరాల, పేరాల గ్రామములను కలిపి పురపాలకసంఘముగా మార్చినది. అంతవరకు నాలుగువేల రూపాయల ప్రాంతమున ఉన్న పన్నురాబడి సుమారు నలుబదివేలకు పెరుగు స్థితి ఏర్పడినది. నివాసులలో నేతగాండ్రు, చిన్న వృత్తులవారు అధికము. పురపాలకత్వము రద్దు కావలెనని వారు కోరినారు. వినతులు ఫలింపకపోగా పన్ను చెల్లింపనివారికి శిక్షలు పడినవి. 1921 ఏప్రిల్ 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి రెండు మార్గములు చూపినారు. ఊరిలోనే ఉండి పన్ను నిరాకరించి అహింసతో కష్టములు సహించుట ఒకటి, పురపాలకసంఘపు ఎల్లలు దాటి వెలుపల నివసించుట రెండవది. కాంగ్రెసు ధనసహాయమును ఆశింపవద్దని కూడ ఆయన స్పష్టము చేసినారు. గోపాలకృష్ణయ్యగారును ప్రజలును రెండవ మార్గమునే వరించినారు.

సుమారు పదునైదువేల జనములో పదుమూడువేలమంది ఇండ్లు విడిచినారు. ఊరివెలుపల తాటాకు పాకలతో రామనగరము వెలసినది. ఈ త్యాగపు బరువును గ్రహించుటకు నేతవృత్తిని తలచవలెను. గుంటమగ్గము నేలను త్రవ్వి అమర్చునది. ఇల్లు విడిచిన నేతగాడు దానిని భుజమున వేసుకొని పోజాలడు. గూటితోపాటు కూటిని కూడ విడిచిపోయినాడనుట అతిశయోక్తి కాదు. ఎండకును, వానకును ఓర్చి వారు దాదాపు పదునొకండు నెలలు అచట నిలిచినారు.

నిధులకై బరంపురము వెళ్ళిన గోపాలకృష్ణయ్యగారిని 1921లోనే ప్రభుత్వము నిర్బంధించి ఏడాది శిక్షపై తిరుచిరాపల్లి చెరకు పంపినది. నాయకుడు దూరమై, ధనము కొరవడగా ప్రజలు క్రమముగా స్వగృహములకు మరలినారు. కోరిన ఫలము వారికి ఆనాడు దక్కలేదు.

ఇచట విమర్శకుడు పక్షపాతము వహింపరాదు. ఒక్క వ్యక్తి ప్రతిభపై అంతటి జనసమూహము జీవికను నిలుపుట నాయకత్వలోపమే. సూత్రధారుడు తొలగినంతనే రంగము చెదరినదన్న, ఆ లోపము ప్రయోగమునందే కలదు. ఐనను, కూలిపని, నేతపని చేయువారు ఒక్క మాటపై అన్ని నెలలు అహింసతో నిలుచుటకు వలయు శిక్షణ శాసనములవలన రాదు. పాట, కథ, భక్తి, వేషము అను దేశీయ సాధనములు దానిని కల్పించినవి. ఆ సాధనముల శక్తిని శాస్త్రముఖమున ఎరిగినవాడు నాయకుడగుటచేతనే అది సాధ్యమైనది.

చెర విడిచిన తరువాతి సంవత్సరములు ఆయనకు సుఖప్రదములు కాలేదు. దారిద్ర్యము, క్షయవ్యాధి కలిసి బాధించినవి. 1928 జూన్ 10వ తేదీన, ముప్పదితొమ్మిదేండ్ల వయసున గోపాలకృష్ణయ్యగారు పరమపదించినారు. ప్రజలిచ్చిన ఆంధ్రరత్న బిరుదము ఆయన పేరునకు విడదీయరాని భాగమైనది.

శాస్త్రము గ్రంథస్థమై ఉండుట ఒక దశ, ప్రజల నడవడియందు ప్రయోగమగుట మరియొక దశ. అభినయదర్పణమును బోధించువారు చీరాల–పేరాల చరిత్రను కూడ శిష్యులకు పరిచయము చేసినచో, మన శాస్త్రములు నాటకశాలకే పరిమితములు కావని వారికి విశదమగును. ఉద్యమచరిత్రను వ్రాయువారు ఆయన సంస్కృతవిద్యను పరామర్శించినచో రామదండు స్వరూపము మరింత స్పష్టపడును.