వ్యాయామరంగ నిర్మాత జార్జి ఎబేర్

జార్జి ఎబేర్ 1875వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదీన ఫ్రాన్సు దేశ రాజధానియగు పారిస్ నగరమున జన్మించెను. సముద్రమునకు దూరమున నున్న నగరమున పుట్టియు అతడు సముద్రమునే వరించెను. 1893లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, నౌకాదళ విద్యాలయమున చేరి, క్రమముగ అధికారియై, ఓడలపై దూరదేశములకు పోయెను.

ఆ దినములలో ఆవిరి యోడలు ప్రబలుచున్నను తెరచాప యోడలు పూర్తిగ మాసిపోలేదు. తెరచాపలను విప్పుటకును చుట్టుటకును నియమింపబడిన నావికులు త్రాటి నిచ్చెనల మీదుగ ఎత్తైన కొయ్యల కొన కెక్కి, అడ్డకొయ్యల క్రింద కట్టిన త్రాటిపై పాదము లూని, ఓడ ఊగుచుండగనే తమ పని నెరవేర్చుచుండిరి. గాలివానలో, చీకటిలో, తడిసిన త్రాళ్ళపై ఈ పని చేయవలసి వచ్చెడిది. మోకు సాయమున తాటిచెట్టెక్కు గీతపనివారిని చూచినవారికి ఆ నావికుల నేర్పు కొంత ఊహకు అందగలదు. అయితే తాటిచెట్టు అలలపై ఊగదు. ఆ నావికుల బాహువులు, వీపు, కాళ్ళు సమముగ బలిసియుండుట ఎబేర్ గమనించెను. వారికి ఏ వ్యాయామాచార్యుడును పాఠము చెప్పలేదు. పనియే వారికి గురువు. దూరదేశముల తీరములందు వేటాడుచు, చెట్లెక్కుచు, నీటిలో నీదుచు బ్రదుకు జనులను చూచినపుడును అతనికి ఇదే తలంపు కలిగెను.

1902వ సంవత్సరమున ఎబేర్ స్యూషే అను యుద్ధనౌకపై చిన్న అధికారిగ నుండెను. ఆ నౌక అప్పుడు కరీబియను సముద్రమునందలి మార్టినిక్ దీవికడ నుండెను. ఆ దీవి ఫ్రెంచివారి యేలుబడిలోనిది. అచట పెలే యను అగ్నిపర్వతము చెంత సెంట్ పియేర్ అను సంపన్నమైన రేవుపట్టణము కలదు. ఏప్రిల్ నెలనుండియే పర్వతము పొగ గ్రక్కుచు, బూడిద కురియుచు, గంధకపు వాసన వెదజల్లుచుండెను. మే 5వ తేదీన మరుగు బురద వరదవలె దిగివచ్చి ఒక చక్కెర కర్మాగారమును కప్పివేసెను. అయినను పట్టణమును ఖాళీ చేయుమను ఉత్తర్వు వెలువడలేదు. పైగా చుట్టుపట్ల పల్లెల జనులు పట్టణమే క్షేమమని తలంచి వచ్చి చేరిరి. ప్రజలకు ధైర్యము చెప్పుటకై గవర్నరు కూడ భార్యతో అచటికి వచ్చెను.

మే 8వ తేదీ ఉదయము సుమారు ఎనిమిది గంటలకు పర్వతమునుండి మండు వాయువులును బూడిదయు కలిసిన మేఘ మొకటి వెడలి, నేల నంటి పరుగెత్తి పట్టణముపై పడెను. కొలది నిమిషములలో సెంట్ పియేర్ నాశనమయ్యెను. సుమారు 28,000 మంది మరణించిరి. గవర్నరును అతని భార్యయు వారిలో నుండిరి. పట్టణమున బ్రదికినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. వారిలో నొకడు మందపు గోడల చెరసాల గదిలో బంధింపబడిన ఖైదీ.

ఆనాడే స్యూషే నౌక ఆ రేవునకు చేరెను. తీరమంతయు మండుచుండెను. రేవులోని ఓడలు కాలిపోవుచుండెను. నావికులు ఒడలు కాలిన వారిని మెల్లగ తమ నౌకపైకి చేర్చిరి. తరువాతి దినములలో పర్వతమునకు ఉత్తరపు తీరమున చిక్కుకొన్న పల్లెవాసులను తరలించు పని జరిగెను. ఈ రక్షణకార్యమున ఎబేర్ పాలుగొని, సుమారు 700 మంది తప్పించుకొనుటకు తోడ్పడెనని అతని చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు.

ఇట్టి వేళ మనుష్యునకు ఏమి కావలెనో ఆలోచింపుడు. ఊగు పడవనుండి త్రాడు పట్టుకొని ఓడపైకి ఎక్కవలెను. ఇరుకైన పలకపై తడబడక నడువవలెను. స్పృహ తప్పినవానిని భుజమున వేసికొని కదలవలెను. నీటిలో పడినచో ఈదవలెను. వీటిలో ఏ యొక్కటియు చేతులు చాచి ముడుచుట నేర్చినంత మాత్రమున రాదు. అన్నియు వచ్చియు గుండె దిటవు లేనివాడు ముందడుగు వేయలేడు. దిటవు కలిగియు ఇతరుల బాధ పట్టనివాడు తన ప్రాణమును మాత్రమే దక్కించుకొనును. ఇరువదియేడేండ్ల యెబేర్ మనస్సున ఈ సంగతి గాఢముగ నాటుకొనెను. మనుష్యుడు బలవంతుడు కావలసినది పరులకు ఉపయోగపడుటకే యను మాటను అతడు జీవితాంతము తన విద్యకు మూలసూత్రముగ నుంచుకొనెను.

కొలది సంవత్సరములకు ఎబేర్ బ్రిటనీ తీరమునందలి లోరియాన్ పట్టణమున నౌకాదళ సైనికుల పాఠశాలలో వ్యాయామ శిక్షణాధికారియయ్యెను. ఆకాలమున యూరపునందు స్వీడను దేశపు వ్యాయామపద్ధతి గౌరవమందుచుండెను. శిష్యులు వరుసలు తీరి, గురువు ఆజ్ఞ వెలువడినంతనే ఏకకాలమున చేతులెత్తుట, నడుము వంచుట, నిలువబడుట ఆ పద్ధతి లక్షణము. దానివలన శరీరము చక్కబడుననుటలో సందేహము లేదు. కాని ఎబేర్ దానిని చాలదనెను. ప్రకృతిలో మనుష్యునకు సహజమైన పనులను అతడు పది తరగతులుగ విభజించెను. నడచుట, పరుగెత్తుట, దుముకుట, నాలుగు కాళ్ళపై ప్రాకుట, ఎగబ్రాకుట, సమతూకము నిలుపుకొనుట, బరువెత్తుట, విసరుట, ఆత్మరక్షణము, ఈత అనునవి యా పది. ఈ పనులనే క్రమముగ చేయించుట అతని పద్ధతి. దానికి సహజపద్ధతి యని పేరు.

అడవిలోనో కొండచరియలోనో బ్రదుకువానికి ఈ పది పనులకును ప్రకృతియే తావులు చూపును. పడిన మ్రాను దూలమగును, బండ గోడయగును, తీగ త్రాడగును. పట్టణపు పాఠశాలలో బాలున కివి ఎక్కడివి? ఎబేర్ ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానము మాటలలో కాక కొయ్యలతోను త్రాళ్ళతోను ఇసుకతోను నేలపై కనబడెను. దీర్ఘచతురస్రమగు ఒక మైదానమున అడవిలోని అడ్డంకుల నన్నింటిని కృత్రిమముగ కూర్చి, దానిని వ్యాయామరంగముగ నిర్మించెను. గట్టి స్తంభములు పాతి, వాటిపై అడ్డదూలము నమర్చి, దానినుండి నున్నని త్రాళ్ళు, నిలువు గడలు, నిచ్చెనలు వ్రేలాడదీయించెను. ఒక చోట దుముకుటకు మెత్తజేసిన నేల. మఱియొక చోట ఎక్కి దిగుటకు గోడ. వేరొక చోట నడచుటకు దూలములు. ఎత్తుటకు రాళ్ళు, విసరుటకు గుండ్లు, కుస్తీకి ఖాళీ స్థలము.

ఆ నిర్మాణమున రెండు నేర్పులు కలవు. మొదటిది ఎత్తుల యమరిక. దూలము తొలుత నేలకు జానెడెత్తున నుండును. అచట నడువ నేర్చిన పిమ్మట అదియే వెడల్పుగల దూలమును నడుమెత్తున, తరువాత తలపై యెత్తున దాటవలెను. పాదమునకు పని యొక్కటియే. మారినది భయము మాత్రమే. ఈ విధముగ శిష్యుడు తన భయమును మెట్టు మెట్టుగ ఎక్కును. ఆనాడు నడుమునకు కట్టు రక్షణ పటకాలు లేవు. కావున ఎవనిని ఎప్పుడు ఎంత యెత్తునకు పంపవచ్చునో నిర్ణయించు భారమంతయు గురువుపై నుండెను. నేడు త్రాటి మార్గములపై నడచువారు, కట్టడపు గోడలెక్కువారు పటకాలును శిరస్త్రాణమును ధరించుచున్నారు. ఇది యెంతయో మేలైన మార్పు. కాని తక్కువ యెత్తున ఆరంభింపవలెనను నియమమునకు పటకా ప్రత్యామ్నాయము కాజాలదు.

రెండవ నేర్పు కదలికకు సంబంధించినది. మన పాఠశాలలలో ఒకడు త్రాడెక్కుచుండగ తక్కిన ముప్పదిమంది నిలుచుండి చూచుట సామాన్యము. ఎబేర్ ఇట్టి నిరీక్షణను సహింపలేదు. అతని రంగమున శిష్యులు కెరటములవలె జట్లు జట్లుగ ఒక కొననుండి బయలుదేరి, దారిలోని పనులను చేయుచు, రెండవ కొన చేరి, ప్రక్కల దారిని మెల్లగ నడచి తిరిగి మొదటికి వచ్చుచుందురు. ఆ నడకయే వారికి విశ్రాంతి. బలవంతుడు ఎక్కువ వేగముగ పోవచ్చును. బలహీనుడు తన శక్తికొలది పోవచ్చును. ఎవడును ఊరక నిలువనక్కరలేదు. ఎత్తుగోడ వచ్చినపుడు ఒకరి భుజములపై నొకరు నిలిచి ఎక్కుదురు. బరువెత్తు తరగతిలో రాళ్ళతో పాటు తోటివానిని మోసికొనిపోవుటయు నొక పాఠము. మార్టినిక్ తీరమున చూచినది ఇచట పాఠ్యాంశమయ్యెను.

శిష్యుల బలము ఊహపై కాక కొలతపై తెలియవలెనని ఎబేర్ పండ్రెండు పరీక్షలతో నొక పట్టిక కూర్చెను. అందు 100, 500, 1500 మీటర్ల పరుగులు, దుముకుటలు, త్రాడెగబ్రాకుట, 40 కిలోగ్రాముల బరువెత్తుట, 100 మీటర్ల ఈత, నీటిలో మునిగి శ్వాస నిలుపుట మొదలగునవి కలవు. ఏ యొక్కదానిలో మేటియైనను చాలదు; అన్నిటిలోను తగినంత శక్తి యుండవలెను. పరుగులో గెలిచియు ఈత రానివాడు అతని దృష్టిలో సగము చదివినవాడే.

1913లో పారిస్ నగరమున జరిగిన వ్యాయామవిద్యా మహాసభలో ఎబేర్ తన శిష్యులచే ప్రదర్శన మిప్పించెను. చూచినవారు ముగ్ధులైరి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలలో ఫ్రాన్సు అంతగ రాణింపలేదను విచారము అప్పటికింకను దేశమున మాయలేదు. రేమ్స్ పట్టణమున పొలిన్యాక్ ప్రభువు ధనము వెచ్చించి విశాలమైన ఉద్యానమున ఒక వ్యాయామ కళాశాలను స్థాపించి, ఎబేర్‌ను దానికి అధిపతిని చేసెను. అతని కలలన్నియు ఫలించినవనిపించెను. కాని ఏడాది తిరుగక మునుపే, 1914లో, ప్రపంచ యుద్ధ మారంభమయ్యెను. ఫిరంగి గుండ్లకు రేమ్స్ పట్టణముతో పాటు ఆ కళాశాలయు శిథిలమయ్యెను. ఎబేర్ నౌకాసైనికులతో బెల్జియమునందలి డిక్స్‌మూడ్ కడ పోరాడి తీవ్రముగ గాయపడెను. అతడు తీర్చిన శిక్షకులలో అనేకులు ఆ యుద్ధమునుండి తిరిగిరాలేదు. భవనము పోయినచో మరల కట్టవచ్చును. శిక్షకులను మరల తయారుచేయుటకు ఒక తరము పట్టును.

యుద్ధానంతరము ఎబేర్ ఎక్కువ శ్రద్ధ చూపినది స్త్రీల వ్యాయామముపై. నాటి ఐరోపా స్త్రీలు నడుము సన్నముగ కనబడుటకై కార్సెట్ అను బిగువైన కట్టును ధరించుచుండిరి. దానివలన శ్వాస యాడదు, వీపు కండరములు సన్నగిల్లును. ఎబేర్ 1919లో ప్రకటించిన గ్రంథమున దీనిని ఖండించి, స్త్రీకి సహజమైన అందము దృఢమైన కండరములవలననే కలుగునని వాదించెను. డోవిల్ సముద్రతీరమున పలేస్ట్రా అను పేర యువతులకొక విద్యాలయమును నెలకొల్పి, త్రాడెక్కుట, ఈత, పరుగు మున్నగునవన్నియు నేర్పించెను. ఆ దినములలో ఇది సాహసమే.

1925లో అతడు పోటీ క్రీడలను విమర్శించుచు మఱియొక గ్రంథము వ్రాసెను. వేలమంది కూర్చుండి చూచుట, కొలదిమంది ఆడుట, పతకములకై శరీరమును ఒకే పనికి అరగదీయుట వ్యాయామము కాదని అతని వాదము. ఇందు కొంత అతిశయోక్తి లేకపోలేదు. ఆటలోని ఆనందమును అతడు తగినంత గుర్తింపలేదని మా యభిప్రాయము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1940 మొదలు 1944 వరకు, జర్మనులకు లోబడి పాలించిన విషీ ప్రభుత్వము సహజపద్ధతిని తన యువజన శిబిరములందు అవలంబించెను. అందువలన యుద్ధము ముగిసిన పిమ్మట ఆ పద్ధతిపై కొంత నీడ పడెను.

ఆ పద్ధతి ఏబదియేండ్ల ఉత్సవ సందర్భమున, 1955లో, ఫ్రెంచి ప్రభుత్వము ఎబేర్‌కు లీజియన్ ఆఫ్ ఆనర్ అను గౌరవమున కమాండర్ పదవి నొసగెను. అప్పటి కతడు ఎనుబదియేండ్ల వృద్ధుడు. జీవితపు చివరి దశలో పక్షవాతము అతనిని పడవేసెను. నడక పోయెను, మాట పోయెను, చేతివ్రాత పోయెను. వేలమందికి నడక మొదలు ఈత వరకు క్రమముగ నేర్పిన ఆ గురువు ఇప్పుడు తనకు తానే శిష్యుడై, మొదటి తరగతియగు నడకనుండి మరల ఆరంభించెను. చుట్టుప్రక్కలవారు ఆశ్చర్యపడి చూచుచుండగ అతడు మరల నడచెను, మాటాడెను, వ్రాసెను. 1957 ఆగస్టు 2వ తేదీన డోవిల్ సమీపమునందలి టూర్జెవిల్ గ్రామమున కన్నుమూసెను.

అడ్డంకుల దారికి ఫ్రెంచి భాషలో పార్కూర్ అని పేరు. సైనికుల శిక్షణలో గోడలు, త్రాళ్ళు, కందకములు కల అట్టి దారులు వ్యాపించుటలో ఎబేర్ ప్రభావము కలదు. ఫ్రెంచి సైన్యపు దారులపై శిక్షణ పొందిన రేమాన్ బెల్ అను నతడు పారిస్ అగ్నిమాపక దళమున పేరుపొందెను. అతని కుమారుడు దవీద్ బెల్, మిత్రులతో కూడి, పారిస్ సమీపమునందలి లీస్ పట్టణమున గోడలెక్కుచు దూకుచు పెంపొందించిన విద్య నేడు లోకమంతట పార్కూర్ అనియే పిలువబడుచున్నది. కెనడా దేశమునందలి క్విబెక్ రాష్ట్రమున వేసవి శిబిరములకు పోవు బాలబాలికలు చెట్ల నడుమ త్రాళ్ళతోను దూలములతోను కట్టిన దారులను దాటుదురు. ఆ ఆటను వారు ఎబేర్టిజము అందురు. ఆ పేరు ఒక నావికునిదని వారిలో చాలమందికి తెలియదు.