వోటరులకు విద్య గరపిన వనిత – కేరీ చాప్మన్ కాట్

ప్రజాస్వామ్యమున వోటుహక్కు సంపాదించుట ఒక ఎత్తు. సంపాదించిన హక్కును తెలిసి వినియోగించుట మరియొక ఎత్తు. మొదటిదానికై పోరాడిన వీరులను లోకము స్మరించును. పోరాటము ముగియకముందే రెండవ పనికి నడుము కట్టినవారు అరుదు. అమెరికా స్త్రీల వోటుహక్కు ఉద్యమమును గట్టుకు చేర్చిన నాయకురాలు కేరీ చాప్మన్ కాట్ అట్టి అరుదైనవారిలో ఒకరు. విజయము చేతికందుటకు ఆరు నెలల ముందే ఆమె లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్, అనగా మహిళా వోటరుల సమితి, అను సంస్థకు ప్రాణము పోసెను. ఏ పక్షమునకును కొమ్ము కాయక, ఏ అభ్యర్థి పల్లకియు మోయక, ఊరూర వోటరులకు పౌరవిద్య నేర్పుట ఆ సంస్థ పూనిన వ్రతము. కాట్ జీవితమున గొప్పతనముతోపాటు మచ్చయు కలదు. ఆ రెంటిని కలిపి చూచినప్పుడే ఆ వ్రతము విలువ తెలియును.

కేరీ 1859 జనవరి 9న విస్కాన్సిన్ రాష్ట్రమున రిపన్ అను ఊరిలో జన్మించెను. పుట్టింటివారు లేన్ వంశీయులు, తండ్రి వ్యవసాయదారుడు. ఆమెకు ఏడేండ్ల వయస్సున కుటుంబము అయోవా రాష్ట్రమునకు తరలి, చార్ల్స్ సిటీ అను పట్టణము చేరువ స్థిరపడెను. 1872లో దేశాధ్యక్ష పదవికి ఎన్నిక జరిగినప్పుడు ఆమెకు పదమూడేండ్లు. ఎన్నికనాడు తండ్రియు, పొలము పాలేళ్లును ముస్తాబై వోటు వేయుటకు పట్టణమునకు బయలుదేరిరి. తల్లి మాత్రము ఇంటిపట్టుననే యుండుట చూచి, నీవు వెళ్లవేమని బాలిక అడిగెను. అందరును పకపక నవ్విరి. వోటు వంటి గురుతరమైన పనిని ఆడువారికి అప్పగింపరాదని జవాబు వచ్చెను. రాజకీయ పరిజ్ఞానమున తండ్రికేమాత్రము తీసిపోని తల్లికి లేని హక్కు, కూలికి వచ్చిన పాలేరుకు ఉండుట ఆ పసిమనస్సున ములుకువలె నాటుకొనెను. ఆ ములుకు ఆమెను జీవితాంతము నడిపించెను. కొన్నియెడల పెడదారినికూడ పట్టించెను.

కుమార్తె కళాశాల చదువునకు తండ్రి అంత సుముఖుడు కాకుండెను; ఖర్చులో కొంతమాత్రమే భరించుటకు ఒప్పుకొనెను. తక్కిన సొమ్మును ఆమె తానే సంపాదించుకొనెను. బడిపంతులమ్మగా పని చేసి కూడబెట్టిన డబ్బుతో ఏమ్స్ పట్టణమందలి అయోవా వ్యవసాయ కళాశాలలో చేరెను. అచ్చట పళ్లెములు కడిగియు, గ్రంథాలయమున పని చేసియు చదువు సాగించెను. విద్యార్థుల సాహిత్య సంఘమున స్త్రీలు ప్రసంగింపరాదను ఆచారమును ఎదిరించి మాటాడు హక్కు సాధించెను. 1880లో పట్టభద్రులైనవారిలో ఆమె ఒక్కతెయే స్త్రీ. మరుసటి యేడు మేసన్ సిటీలో ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయినియై, 1883 నాటికి ఆ పట్టణపు పాఠశాలలన్నిటికిని పర్యవేక్షకురాలయ్యెను. పాఠము చెప్పు ఆ అలవాటు ఆమెను తుదివరకు విడువలేదు.

1885లో ఆమె లియో చాప్మన్ అను పత్రికా సంపాదకుని వివాహమాడెను. మరుసటి సంవత్సరమే అతడు కాలిఫోర్నియాలో సన్నిపాత జ్వరముతో మరణించెను. దుఃఖము దిగమ్రింగుకొని అయోవాకు తిరిగివచ్చిన ఆమె 1887లో ఆ రాష్ట్రపు స్త్రీల వోటుహక్కు సంఘమున చేరెను. 1890లో కళాశాల సహాధ్యాయియైన జార్జి కాట్ అను ఇంజనీరును పెండ్లాడెను. ఏటేట వసంతమున రెండు నెలలు, శరత్తున రెండు నెలలు ఆమె ఉద్యమమునకే వినియోగించునట్లు దంపతులు ముందుగనే ఒడంబడిక వ్రాసికొనిరట. భర్త 1905లో మరణించువరకు ఆమెకు అండగా నిలిచెను.

ఆనాటి ఉద్యమమున ఉపన్యాసకులకు కొదవ లేదు, కొదవయంతయు నిర్మాణములోనే. 1890లో సౌత్ డకోటా రాష్ట్రమున జరిగిన పోరాటము ఘోరముగా విఫలమైనప్పుడు కాట్ ఆ లోపమును గుర్తించెను. 1893లో కొలరాడో పురుషులు తమ వోట్లతోనే స్త్రీలకు హక్కు నిచ్చినప్పుడు, ఊరూర సంఘములు కట్టినచో ఫలితముండునను నమ్మకము ఆమెకు కలిగెను. 1900లో వృద్ధనాయకురాలు సుసాన్ బి. ఆంథొనీ జాతీయ సంఘాధ్యక్ష పదవిని విడిచినప్పుడు ఆ భారము కాట్ భుజములపై పడెను. భర్త అనారోగ్యము కారణముగా 1904లో ఆమె ఆ పదవిని వదలుకొన్నను పని మానలేదు. రాజకీయ పక్షములు పేటపేటకు తమ మనుష్యులను నిలిపినట్లే, న్యూయార్కు నగరమున ప్రతి వోటింగు ప్రాంతమునకు ఒక కార్యకర్త్రిని నియమించెను. ఆ స్త్రీలు మెట్లెక్కి తలుపు తట్టి, ఇంటింట మాటాడి వచ్చెడివారు. 1915లో న్యూయార్కు పురుష వోటరులు కాదనిరి. వెంటనే తిరిగి పని మొదలయ్యెను. పది లక్షలకు పైగా స్త్రీల సంతకములు కూడెను. 1917లో అదే రాష్ట్రము ఔననెను.

అప్పటికి కాట్ రెండవసారి జాతీయాధ్యక్షురాలై యుండెను. మిరియం లెస్లీ అను పత్రికాధిపతురాలు 1914లో మరణించుచు తన యాస్తిలో అధికభాగమును ఉద్యమమునకై కాట్‌కు వ్రాసియిచ్చెను. కోర్టు తగవులు పోను మిగిలినదే తొమ్మిది లక్షల డాలర్లకు పైబడెను. 1916లో ఆమె రాష్ట్రరాష్ట్రమునకు వేర్వేరు కర్తవ్యము నిర్ణయించి, తుదకు అన్నిటిని రాజ్యాంగ సవరణవైపు మళ్లించు వ్యూహమును పన్నెను. 1919 జూన్ 4న సెనేటు సవరణను ఆమోదించెను. ఇక 48 రాష్ట్రములలో 36 ఒప్పుకొనవలసి యుండెను. ముప్పది యారవది టెనెసీ. 1920 వేసవిలో కాట్ వారములతరబడి నాష్‌విల్ నగరమున మకాము వేసి పని నడిపెను. ఆగస్టు 18న ఇరువది నాలుగేండ్ల శాసనసభ్యుడు హారీ బర్న్, శ్రీమతి కాట్‌కు తోడ్పడుమని తల్లి వ్రాసిన లేఖను జేబులో నుంచుకొని, తన వోటును అనుకూలముగా మార్చుకొనెను. ఆగస్టు 26న సవరణ శాసనమయ్యెను. 52 ఏండ్ల ఈ ఉద్యమములో పురుష వోటరుల ఎదుట 56 పోరాటములు, రాష్ట్ర శాసనసభల ఎదుట 480, ఒకదాని వెంట నొకటిగా 19 కాంగ్రెసులతో 19 పోరాటములు నడిచినట్లు కాట్ తదుపరి లెక్క కట్టెను.

ఈ విజయగాథలో చీకటికోణము కలదు. 1890 ప్రాంతమున ఆమె విదేశములనుండి వచ్చిన నిరక్షరాస్యులను, మురికివాడల వోట్లను చులకన చేసి ప్రసంగించెను. చదువుకొన్న స్త్రీల వోట్లు ఆ వోట్లకు విరుగుడగునని వాదించెను. దక్షిణ రాష్ట్రములవారి మద్దతుకై, స్త్రీలు వోటు వేసినను తెల్లవారి ఆధిపత్యమునకు భంగము రాదని లెక్కలు చూపెను. నాడు తల్లికి జరిగిన అవమానము, పాలేరుపై చిన్నచూపుగా మారుట విచారకరము. ప్రథమ ప్రపంచయుద్ధానంతరము ఆమె జాతిద్వేషమును ఖండించుచు వ్రాసినను, ముందు పలికిన మాటలు చరిత్రనుండి చెరగిపోవు. 1995లో ఆమె చదివిన విద్యాసంస్థ ఒక భవనమునకు ఆమె పేరు పెట్టినప్పుడు విద్యార్థులు నిరసించినది ఈ కారణముననే.

అయినను మహిళా వోటరుల సమితి భావనలో ఈ దోషమునకు విరుగుడు కూడ ఇమిడియుండెను. విద్య లేనివానికి వోటు తగదనుట ఒక మార్గము. వోటు గలవానికెల్ల విద్య అందింపవలెననుట మరియొక మార్గము. మొదటిది వాకిట తాళము, రెండవది యింట దీపము. 1919 మార్చిలో సెయింట్ లూయీ నగరమున జరిగిన జాతీయ మహాసభలో కాట్ ఈ రెండవ మార్గమును ప్రతిపాదించెను. 1920 ఫిబ్రవరి 14న చికాగోలో సమితి అవతరించెను. తొలుత దానిని అయిదేండ్ల ప్రయోగముగనే తలచిరి. కాట్ గౌరవాధ్యక్షురాలుగా మాత్రముండి, అధ్యక్ష పదవిని మాడ్ వుడ్ పార్క్ అను సహచరికి విడిచెను. తాను కట్టిన యింటిని ఇతరులకు అప్పగింప గలుగుట నాయకులలో సులభముగా కానవచ్చు గుణము కాదు.

సమితి పని ఆర్భాటము లేనిది. స్థానిక శాఖలలో చేరినవారు జీతభత్యములు లేని స్వచ్ఛంద సేవికలు. వోటరుల పట్టికలో పేరు నమోదు చేయించుకొనుట ఎట్లో, బ్యాలెట్ పత్రమును చదువుట ఎట్లో, పురపాలక సంఘమునకు ఏ అధికారములు కలవో, పన్ను సొమ్ము ఎటు పోవునో వారు బోధించిరి. పెక్కు రాష్ట్రములలో విశ్వవిద్యాలయముల తోడ్పాటుతో పౌరవిద్యా పాఠశాలలు నడిపిరి. పోటీ చేయు అభ్యర్థులందరికిని ఒకే ప్రశ్నావళి పంపి, వచ్చిన జవాబులను ప్రజలకు అందించిరి. వారిని ఒకే వేదికపైకి పిలిచి వోటరులచే ప్రశ్నలు వేయించిరి. ఒక సమస్యపై అభిప్రాయము ప్రకటించుటకు ముందు సభ్యురాండ్రు కూర్చుండి దానిని అధ్యయనము చేయవలెను. అటుపై ఆ సమస్యపై పక్షము వహింపవచ్చును గాని, పార్టీకి గాని అభ్యర్థికి గాని పక్షము వహింపరాదు. ఈ గీత గీయుట సులభము. దానిపై నడచుట కత్తిమీద సాము.

ఆ సాము త్వరలోనే పరీక్షకు వచ్చెను. 1921 జనవరిలో న్యూయార్కు రాష్ట్ర శాఖ ఆల్బనీ నగరమున మహాసభ జరుపగా, ఆహ్వానితుడై వచ్చిన గవర్నరు నేథన్ మిల్లర్ ఆ సభలోనే సమితిని దుయ్యబట్టెను. రాజకీయ పక్షముల వెలుపల ఇట్టి సంఘముండుట స్వేచ్ఛాసంస్థలకు ముప్పని ఆయన వాదము. కాట్ అదే సభలో లేచి సమాధానము చెప్పెను. ఆమె పక్షములకు శత్రువు కాదు. స్త్రీలు పక్షములలో చేరి లోపలినుండి పని చేయవలెనని సమితి పుట్టిననాడే హితవు చెప్పినది ఆమెయే. కాని పక్షమునకు గెలుపు ముఖ్యము, పౌరునకు మేలు ముఖ్యము. ఈ రెండును ఎల్లవేళల ఒక్కటి కావు గనుక, పక్షములను అడుగుటకు వాని వెలుపల కొందరుండవలెను.

గవర్నరు విమర్శకంటె కష్టమైన పరీక్ష వోటరుల ఉదాసీనత. హక్కు వచ్చినను పెక్కుమంది స్త్రీలు వోటు వేయ రాలేదు. 1924 అధ్యక్ష ఎన్నికలో స్త్రీపురుషులు కలిసి అర్హులైనవారిలో ఇంచుమించు సగముమందియే వోటు వేసిరి. స్త్రీల వోటు వట్టిదేనని హేళన చేసినవారు కలరు. సమితి స్త్రీలు నొచ్చుకొని కూర్చుండక, తిరిగి తలుపులు తట్టిరి. 1928లో రేడియో ద్వారా అభ్యర్థుల వాదములను వినిపించిరి. పోరాటమునకు ఒక ముగింపు కలదు గాని, పౌరవిద్యకు లేదు. ప్రతి యేడు క్రొత్త వోటరులు పుట్టుకొని వత్తురు.

ఇంతకంటె పెద్ద కొరత దక్షిణాదిని మిగిలిపోయెను. అచ్చట తలపన్నులు, అక్షరాస్యతా పరీక్షలు నల్లజాతి స్త్రీలకు వోటును పేరునకు మాత్రమే మిగిల్చెను. తొలినాళ్లలో సమితి దక్షిణాది శాఖలు పెక్కింట వారికి చోటే లేకుండెను. 1965 వోటుహక్కు శాసనము వచ్చినదాక ఆ తలుపు వారికి పూర్తిగా తెరువబడలేదు. అక్షరాస్యతను తాళముగా చేసినచో ఎంత అన్యాయము జరుగునో ఆ చరిత్రయే సాక్ష్యము.

కాట్ దృష్టి స్వదేశమునకే పరిమితము కాలేదు. అంతర్జాతీయ స్త్రీల వోటుహక్కు కూటమికి 1904 మొదలు 1923 వరకు ఆమె అధ్యక్షురాలు. 1911–12లో డచ్ వైద్యురాలు అలెట్టా జేకబ్స్‌తో కలిసి చేసిన ప్రపంచయాత్రలో దక్షిణాఫ్రికా, ఈజిప్టు, చైనా, జపానులతోపాటు భారతదేశమును కూడ చూచెను. 1920లో జెనీవాలో జరిగిన ఆ కూటమి మహాసభలో హైదరాబాదుకు చెందిన సరోజినీ నాయుడు భారత స్త్రీల పక్షమున ప్రసంగించెను. మూడు దశాబ్దముల పిదప, 1951–52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో, నూటికి పదునెనిమిదిమందియే అక్షరాస్యులైన ఈ దేశము స్త్రీపురుష భేదము లేక, చదువు నియమము లేక వయోజనులందరికిని వోటు నిచ్చెను. ఆ దృశ్యమును చూచుటకు ఆమె జీవించియుండలేదు.

చివరి దశలో ఆమె యుద్ధనివారణకై పాటుపడెను. 1933లో జర్మనీలో యూదులపై దౌర్జన్యములు చెలరేగగా, యూదేతర స్త్రీలను కూడగట్టి నిరసనోద్యమము నడిపెను. 1947 మార్చి 9న, ఎనుబది యెనిమిదేండ్ల వయస్సున, న్యూయార్కు రాష్ట్రమున న్యూ రోషెల్ పట్టణములో ఆమె కన్నుమూసెను.

అయిదేండ్ల ప్రయోగమనుకొన్న సమితి నూరేండ్లు దాటి నేటికిని పని చేయుచున్నది. 1973లో పురుషులకును సభ్యత్వము కల్పింపబడెను. 1976, 1980, 1984 ఎన్నికలలో అధ్యక్ష పదవి అభ్యర్థుల చర్చలను సమితియే నిర్వహించెను. 1988లో చర్చలెట్లుండవలెనో ఉభయ పక్షములవారును తమలో తాము ఒడంబడిక చేసికొనగా, అట్టి తంతుకు తన పేరు వాడుకొననీయక వైదొలగెను. అంతటి కీర్తిని వదలుకొన్నను దాని అసలు పని చెడలేదు. ఆ పని నేటికిని గ్రంథాలయపు ముంగిట ఒక బల్ల వేసికొని, వచ్చినవారు ఏ పక్షమువారని అడుగక, పేరు నమోదు చేయించు సామాన్య సేవకుల చేతిలోనే యున్నది. తల్లికి వోటేల లేదని అడిగిన బాలిక ప్రశ్నకు చట్టము 1920లో జవాబు చెప్పెను. ఆ వోటుతో ఏమి చేయవలెనను ప్రశ్నకు ఆ సేవకులు ప్రతి ఎన్నికకు ముందు ఓర్పుతో జవాబు చెప్పుచునే యున్నారు.